చూడలేదు

తొమ్మిదింటికి నిచ్చెన మేడ మీంచి గాజుపలకను దించుకొచ్చాడు. అంచులు రెండు వేళ్లతో పట్టుకుని, నిద్రపోతున్న పసిపిల్లను అందించినట్టు పుప్పొడమ్మకు అందించాడు. నిన్న తొమ్మిదినుంచి ఇవాళ తొమ్మిదిదాకా రేకుగొడుగు కింద గాలికి నిలబడిన పలక అది. దాని మీద పల్చగా పూసిన జిడ్డుకు ఊరి గాలిలో ఎగిరే పుప్పొడి అంటుకుని ఉంటుంది. ఉత్త కంటికి మాత్రం ఏమీ కనిపించదు. గాజుముక్క, అంతే.

నిచ్చెన అతని పేరు కాదు. రోజూ ఇనపనిచ్చెన ఎక్కి మేడ మీదికి పోయేది అతనే కాబట్టి ఆ పేరు పడింది. పుప్పొడి లెక్కపెట్టేది ఆవిడ కాబట్టి పుప్పొడమ్మ అయింది. ఉద్యోగకాలం ముగిసి మూడేళ్లయినా, ఆ పని తెలిసినవాళ్లు ఇంకెవరూ లేక ఆవిణ్ణి ఉంచుకున్నారు. ఆయాసం రోగుల ఆస్పత్రివాళ్లు రోజూ పదకొండింటికి ఫోన్ చేసి, ఇవాళ గాలి ఎలా ఉందని అడిగేది ఆవిణ్ణే.

"గాలి తిక్కతిక్కగా వీస్తోందక్కా. గొడుగు రేకు ఒకటే కొట్టుకుంటోంది," అన్నాడు నిచ్చెన.

"పలక పక్కకి తిరగలేదు కదా?"

"తిరగలేదు."

"చూశావా?"

"చూశానమ్మా చూశాను! ముప్పై ఏళ్లనుంచి ఇదే ప్రశ్న. పోలీసులైనా ఈపాటికి నన్ను వదిలేసేవాళ్లు."

పుప్పొడమ్మ నవ్వి, పలక మీద ఒక్క చుక్క గులాబీరంగు వేసి, పైన సన్నటి గాజురేకు కప్పింది. గాలిబుడగ మిగలకుండా సూదిమొనతో మెల్లగా నొక్కింది. మైక్రోస్కోపు కింద పెట్టి ఎడమచేత్తో మర తిప్పుతూ, కుడిచేతి బొటనవేలు గింజకోసారి నొక్కే టిక్కుమిషను మీద ఆనించింది. గడ్డి పుప్పొడి నున్నటి బంతిలా ఉంటుంది, ఒక్క చిన్న కన్నంతో. పొద్దుతిరుగుడు జాతిది ముళ్లబంతి. దేవదారుది రెండు చెవులున్న ఎలుకమొహం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎడమకన్ను మూసుకుని చూస్తారు. పదినిమిషాల్లో తలనొప్పి వచ్చి లేచిపోతారు. పుప్పొడమ్మ రెండు కళ్లూ తెరిచే ఉంచుతుంది. ఒకటి చూస్తుంది, రెండోది ఊరుకుంటుంది.

పలక మీది పన్నెండు వరసలూ పూర్తయ్యాక రిజిస్టరులో రాసింది. తేదీ, లెక్క, మాట. మూడే గడులు. ఈ రిజిస్టరు మొదలుపెట్టిన పెద్దాయన గీసినవే. మూడో గడికి 'మాట' అని పేరు పెట్టిందీ ఆయనే. లెక్క గడిలో ఇమడనిది ఏదైనా ఉంటే అక్కడ రాయాలి. పలక పగిలిందనో, వాన కొట్టేసిందనో, ఒంట్లో బాగాలేక రాలేదనో. పలక చూడని రోజున లెక్క గడిలో సున్నా వేయకూడదు. 'చూడలేదు' అని రాయాలి. సున్నా వేరు, చూడలేదు వేరు. మొదటిరోజే ఆయన చెప్పిన పాఠం అది. రెండో పాఠం ఇంకేదీ చెప్పలేదు.

డాక్టరమ్మ లోపలికి వచ్చింది. ఆవిడ మందులిచ్చే డాక్టరు కాదు. పెద్ద చదువు చదివి ఈ ఆఫీసుకి అధికారిగా వచ్చిన మనిషి. ముప్పై రెండేళ్లుంటాయి. చేతిలో రెండు చేతులకీ సరిపడా కాగితాల కట్ట ఉంది.

"అమ్మా, మీ ముప్పైఒక్క ఏళ్ల కష్టం," అంటూ కట్ట బల్ల మీద పెట్టింది. "మీ రిజిస్టర్లన్నీ ఫొటోలు తీసి ఏఐకి ఇచ్చాం కదా. పట్టిక తయారైంది. గురువారం పై ఆఫీసుకి పంపాలి. చివరి పేజీలో మీరొక సంతకం పెడితే సరిపోతుంది."

చివరి పేజీలో ఒకటే వాక్యం. 'ఈ పట్టికలోనివి నా పరిశీలనలే.'

"ఈ రంగులేమిటమ్మా?"

"ఆకుపచ్చవి సరిపోయినవి. ఆ రోజు వాతావరణానికీ, ముందువెనక రోజులకీ పొంతన కుదిరినవన్నమాట. ఎర్రవి తప్పులు. ఏఐ దిద్దేసింది. నీలివి మీరు ఖాళీ వదిలినవి."

"నేను ఖాళీ ఎక్కడా వదల్లేదే?"

డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది. పుప్పొడమ్మ కళ్లజోడు మార్చుకుని వంగి చూసింది.

"ఈ వారం నాకు జ్వరం. చూడలేదు అని రాశాను. ఇక్కడ తొమ్మిది, పదకొండు, పది అని ఉన్నాయి."

"ఖాళీలుంటే ఏఐ నేర్చుకోలేదమ్మా. వచ్చే సోమవారం మేడ మీద పెట్టబోయే పెట్టె ఉంది చూడండి, అదే గాలి పీల్చి, ఫొటో తీసి, లెక్క కట్టి, రేపెలా ఉంటుందో కూడా చెబుతుంది. దానికి పాఠం ఈ పట్టికే. అందుకని ఖాళీల్లో అంచనా వేసి నింపింది."

"ఎవరి అంచనా?"

"దానిదే."

"దాని అంచనాని దానికే పాఠం చెబుతారా?"

డాక్టరమ్మ నవ్వింది. "మీరు కాలేజీలో చదివుంటే మా మాస్టార్లు వణికిపోయేవాళ్లు," అంది. ఆ మాటలో ఎగతాళి లేదు. అందుకే పుప్పొడమ్మకు కోపం తెచ్చుకోవడానికి వీలు చిక్కలేదు.

పేజీలు తిప్పుతూ ఒకచోట ఆవిడ వేలు ఆగింది. ఎర్ర రంగు. పద్దెనిమిదేళ్లనాటి తేదీ. ఏఐ దిద్దిన లెక్క ఇరవైమూడు.

లేచి బీరువా తెరిచి, ఆ ఏటి రిజిస్టరు తీసి, దుమ్ము కొంగుతో తుడిచి, పక్కన పెట్టింది. తన దస్తూరీయే. నాలుగువందల పన్నెండు. మాట గడిలో: 'మూడుసార్లు చూశాను. కారణం తెలియదు.'

"ఇది తప్పు కాదమ్మా."

"ముందురోజు ఇరవై. మర్నాడు ఇరవైనాలుగు. మధ్యలో నాలుగువందల పన్నెండు ఎలా వస్తుందమ్మా? ఆ రోజు గాలి కూడా లేదట. ఏదో చెయ్యి జారి ఉంటుంది."

"మూడుసార్లు చూశాను. రాశాను కూడా."

"మాట గడి ఏఐకి ఇవ్వలేదు. లెక్కలే ఇచ్చాం."

తలుపు దగ్గర నిలబడ్డ నిచ్చెన ఉండబట్టలేకపోయాడు. "ఆ రోజు నాకు గుర్తుందండీ. నాకు కూడా చూపించిందక్క. నేను తుమ్మిన తుమ్ములకి పైన నిచ్చెన ఊడి పడుతుందనుకున్నాను."

"తుమ్ముల్ని పట్టికలో ఎక్కడ వెయ్యను బాబాయ్?" అంది డాక్టరమ్మ, నవ్వుతూనే.

పుప్పొడమ్మ మాత్రం నవ్వలేదు. "ఇరవైమూడు అని నేర్పిస్తే, అలాంటి రోజు ఎప్పుడూ రాదని నేర్చుకుంటుంది కదమ్మా అది. మళ్లీ వస్తే? ఆయాసంవాళ్లకి ఇవాళ ఏం ఫరవాలేదు, బయటికి పొమ్మని చెబుతుంది."

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపు కాగితం అంచు మడుస్తూ ఆలోచించింది. "నాకు చేతనైంది చెబుతాను. ఏఐ సరైనవన్న అంకెల్లో తప్పు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చూపించండి. దాని ఆకుపచ్చని నమ్మలేమని నేను పైవాళ్లకి రాయగలను. అప్పుడు మీ నాలుగువందల పన్నెండుని ఉంచమని అడగొచ్చు. అదీ గురువారంలోపు."

బుధవారం పుప్పొడమ్మ పలక లెక్క అవగానే కట్ట ముందేసుకుని కూర్చుంది. ఎర్రవి చూడలేదు. ఆకుపచ్చవే ఒక్కొక్కటీ రిజిస్టరుతో పోల్చుతూ వచ్చింది. అన్నీ తను చూసినవే. అన్నీ సరైనవే. మిషను కళ్లు మంచివే అనిపించింది, అక్కడక్కడ మెచ్చుకోలుగా తల ఊపింది కూడా. నిచ్చెన పక్కన టీ పెట్టి వెళ్లాడు. అది చల్లారి మీగడ కట్టింది.

మూడు గంటలకు పదకొండేళ్లనాటి ఒక పేజీ దగ్గరికి వచ్చింది. నిజానికి పొద్దుటినుంచి ఆ పేజీ వైపే నడుస్తోందని ఆవిడకు తెలుసు. అందుకే మెల్లగా నడిచింది.

పదహారు. పదిహేడు. పద్దెనిమిది.

వరసగా మూడు రోజుల లెక్కలు. మధ్యది కూడా ఆకుపచ్చే. ఆకుపచ్చవాటిలో కూడా మిషను మార్కులు వేసింది. దీనికి వందకు తొంభైతొమ్మిది. ఆ ఏడాది మొత్తంలో ఇంకే రోజుకూ అంత మార్కు లేదు.

చేయి టీకప్పుకు తగిలి, చల్లటి టీ బల్ల మీద ఒలికింది. కాగితాలు తడవకుండా గబగబా ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. నిచ్చెన గుడ్డ తెచ్చి తుడుస్తూ, "ఏమైందక్కా, దొరికిందా?" అన్నాడు.

"లేదు," అంది. ఆ తర్వాత, "దొరికింది," అంది. అతను ఆవిడ మొహం చూసి, గుడ్డ పిండడానికి బయటికి వెళ్లిపోయాడు.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆవిడా అక్క కూతురూ. రెండు గదులు, వంటకి ఒక మూల. అక్క కూతురు మందులషాపులో పనిచేస్తుంది. గడపలో చెప్పులు విప్పగానే మాత్రల వాసన ముందు లోపలికి వస్తుంది, తర్వాత ఆమె వస్తుంది.

"ఇవాళ ఎన్ని పిన్నీ?"

ఆ ప్రశ్న వాళ్లమ్మది. అక్క బతికున్నన్నాళ్లూ సాయంత్రం తలుపు తీస్తూనే, 'ఎన్నే ఇవాళ?' అనేది. ఎన్నని చెప్పినా ఒకటే జవాబు: 'అమ్మో, అన్నీ నా ముక్కులోకే.' తల్లి పోయాక కూతురు ఆ ప్రశ్న అందుకుంది. జవాబు మాత్రం అందుకోలేదు.

"ముప్పైనాలుగు."

"సంతకం పెట్టేశావా?"

"పెట్టలేదు."

"ఇంకా ఆ నాలుగువందల గొడవేనా? వదిలెయ్యరాదూ. ఆ మిషను నిన్ను అబద్ధాలకోరు అన్నంత మాత్రాన నువ్వు అయిపోతావా?" కంచాలు కడుగుతూ అంది అక్క కూతురు. "లోకంలో ఎవరేమన్నా నేను సాక్ష్యం చెబుతాను. అమ్మ పోయిన రోజు కూడా లెక్క రాసే వచ్చింది మా పిన్ని అని."

నీళ్ల చప్పుడులో ఆ మాట ఎలా అందో పుప్పొడమ్మకు తెలియలేదు. పదకొండేళ్లుగా తెలియలేదు. ఆ మాట ఒకసారి గొప్పగా చెప్పుకున్నట్టుండేది, ఒకసారి పొడిచినట్టుండేది. ఒక్కోసారి రెండూ ఒకే గొంతులో ఉండేవి.

"అమ్మలూ."

"ఊఁ?"

"ఆ రోజు... మీ అమ్మ చివర్లో ఏమైనా అందా?"

నీళ్ల చప్పుడు ఆగింది. "ఎన్నిసార్లు చెప్పను పిన్నీ? ఏమీ అనలేదు. తలుపు వైపు చూసింది. ఎవరు తలుపు తీసినా చూసింది. నర్సు తీసింది, మళ్లీ చూసింది. నువ్వు వచ్చేసరికి ప్రాణం పోయి పావుగంట దాటింది." మళ్లీ కుళాయి తిప్పింది. "పోనీలే. నీ పని అలాంటిది. ఒక్కరోజు మానితే ఊరందరికీ నష్టమాయె. అమ్మే పొమ్మంది కదా."

అవును, అక్కే పొమ్మంది. ఆస్పత్రి మంచం మీంచి వేళ్లు వదిలించుకుని, 'వెళ్లు, నీ లెక్క పాడవుతుంది. ఎన్నో చూసొచ్చి చెప్పు నాకు,' అంది. మర్నాడు వెళతానని అనొచ్చు. ఈ ఒక్కరోజూ 'చూడలేదు' అని రాస్తే సరిపోతుందని అనొచ్చు. అనలేదు. పుప్పొడమ్మ లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, "గంటలో వచ్చేస్తా," అంది.

అమ్మలూ, అని మళ్లీ పిలవబోయింది. అక్క కూతురు దీపం కిందికి మందుల జాబితా తెచ్చుకుని పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటోంది. పెదవుల చివర తల్లి పోలిక. పుప్పొడమ్మ చూస్తూ కూర్చుంది.

గురువారం పొద్దున్న బయల్దేరుతూ, "సాయంత్రం షాపునుంచి ఇంటికి రాకు. అటే, ఆఫీసుకి రా," అంది.

"ఎందుకు? పెట్టె పెడుతున్నారా?"

"రా, చెబుతాను."

పలక దించాక లెక్క పెట్టకుండానే డాక్టరమ్మ గదికి వెళ్లింది. ఆ రోజుదాకా ఆవిడ పలకను ఎదురుచూడనివ్వలేదు. పదకొండేళ్లనాటి రిజిస్టరు డాక్టరమ్మ బల్ల మీద తెరిచి, పదిహేడు మీద వేలు పెట్టింది.

"మీరు ఒక్కటి అడిగారు కదమ్మా. ఇదీ."

డాక్టరమ్మ తెర మీద వెతికి చూసింది. "ఇదా? దీనికి తొంభైతొమ్మిది మార్కులొచ్చాయి కదమ్మా."

"ఆ రోజు నేను పలక చూడలేదు. మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. కన్ను పెట్టాను. కళ్లజోడు తుడుచుకున్నాను, గాజు తుడిచాను, మళ్లీ పెట్టాను. అంతా నీళ్లే. ఒక్క గింజ కనబడలేదు. ఫోన్ మోగింది, మా అక్క ఉన్న ఆస్పత్రినుంచేమో అనుకున్నాను. ముందురోజు పదహారు కాబట్టి పదిహేడని రాసి పరిగెత్తాను."

"ఎందుకు రాశారు? మీరే కదా, చూడలేదు అని రాయాలని..."

"మా అక్కకి చెప్పడానికి ఒక అంకె కావాల్సి వచ్చింది." పుప్పొడమ్మ కొంగు కొసను వేలికి చుట్టుకుంది. "మనిషిని వదిలేసి వచ్చాను కదమ్మా. చూడలేదు అని రాస్తే మరి ఎందుకు వదిలేసి వచ్చినట్టు? నేను వెళ్లేసరికి చెప్పించుకునే మనిషి లేదు. అంకె అలాగే ఉండిపోయింది."

డాక్టరమ్మ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. గొంతు తగ్గించింది. "అమ్మా, ఈ మాట నేను విననట్టే ఉంటాను. మీరు చెప్పనట్టే ఉండండి. దీని వల్ల మీకే..."

"అబద్ధానికి తొంభైతొమ్మిది వేసింది. నిజానికి ఎర్రగీత గీసింది. ఒక్కటి చూపించమన్నారు. చూపించాను."

డాక్టరమ్మ తెర మీద ఆ పదిహేడును ఎంచి, చెరిపేసింది. గడి ఖాళీ అయింది. పుప్పొడమ్మ ఊపిరి వదిలింది. పదకొండేళ్ల తర్వాత ఆ రోజు మళ్లీ తెల్లగా ఉంది.

తెర ఒకసారి మిణుకుమంది. గడి నీలిరంగుకు మారింది. అందులో అంకె పడింది.

పదిహేడు.

"చూశారా!" డాక్టరమ్మ గొంతులో నిజంగా సంతోషం వినబడింది. ఆ పిల్ల ఎంత భయపడిందో పుప్పొడమ్మకు అప్పుడే తెలిసింది. "ఏఐ కూడా పదిహేడే అంటోంది. అంటే మీరు రాసింది కరెక్టేనమ్మా. ఏ తప్పూ జరగలేదు. పదకొండేళ్లుగా ఊరికే బాధపడ్డారు."

పుప్పొడమ్మ ఆ అంకె మీద వేలు పెట్టింది.

"కరెక్టేనేమో. నేను చూడలేదు."

"రెండూ ఒకటే అయినప్పుడు తేడా ఏముందమ్మా?"

"పదహారు పక్కన నేను పదిహేడు వేశాను. పదహారు పక్కన అదీ పదిహేడే వేసింది. ఇద్దరం పక్కరోజుల్నే చూశాం తల్లీ. ఆ రోజుని ఎవరూ చూడలేదు."

డాక్టరమ్మ మొహంలో సంతోషం మెల్లగా దిగిపోయింది. తెర వైపు చూసింది, రిజిస్టరు వైపు చూసింది. బల్ల మీద చేతులు రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టుకుంది.

"మీరు చెప్పింది నాకు అర్థమైంది. కానీ ఈ మాట పైకి రాస్తే వాళ్లేమంటారో తెలుసా? రాసిన మనిషే ఒకరోజు చూడకుండా రాశానంటోంది, మిగతావి చూసి రాసిందని నమ్మకమేమిటంటారు. నాలుగువందల పన్నెండుని నిలబెట్టడానికి మీరు చెప్పిన మాటే దాన్ని పడగొడుతుంది." గొంతు సన్నబడింది. "పట్టిక సాయంత్రం వెళ్లిపోతుందమ్మా. మీ సంతకం లేకపోయినా వెళుతుంది. నేను పెడతాను."

"పెట్టండి. మీ పని మీది."

"నా మీద కోపమా?"

"కాదు," అంది పుప్పొడమ్మ. నిజంగానే కాదు. రిజిస్టరు మూసి గుండెకు ఆనించుకుని తన గదికి వచ్చేసింది. పదకొండింటికి ఆస్పత్రినుంచి ఫోన్ వచ్చింది. "ఇంకో పావుగంట ఆగండి. ఇంకా చూడలేదు," అని చెప్పింది. ఆ తర్వాత కూర్చుని పన్నెండు వరసలూ చూసింది. నలభైఒకటి.

సాయంత్రం నాలుగింటికి నిచ్చెన అట్టపెట్టెలు తెచ్చాడు. రిజిస్టర్లన్నీ కింద సామాన్ల గదికి పోవాలట. బీరువాలో సోమవారంనుంచి మిషను తీగలు పెడతారట.

"ఆ గదిలో చెమ్మ ఎక్కువక్కా. అడుగున ఇటుకలు పేర్చి, వాటి మీద పెడతాలే." ఒక్కొక్క ఏడాదినీ రెండు చేతులా ఎత్తి పెట్టెలో పేరుస్తున్నాడు. పద్దెనిమిదేళ్లనాటిది చేతికొచ్చినప్పుడు ఆగాడు. "ఆ నాలుగువందలు..."

"నిలవలేదు."

అతను ఏదో హాస్యమాడబోయి మానుకున్నాడు. ఆ రిజిస్టరును అన్నిటికంటే పైన పెట్టాడు.

పదకొండేళ్లనాటి ఒక్కటి మాత్రం ఇవ్వకుండా పుప్పొడమ్మ తన ముందు ఉంచుకుంది. కలం మూత తీసింది. పదిహేడును కొట్టెయ్యలేదు. పెద్దాయన పద్ధతి అది: రాసింది కొట్టెయ్యకూడదు, పక్కన నిజం రాయాలి. ఎప్పుడు రాశారో ఆ తేదీ వెయ్యాలి. మాట గడి ఆ రోజుకి ఖాళీగా ఉంది. అందులో ఇవాళ్టి తేదీ వేసి, ఒక్క మాట రాసింది. 'డ' కొంచెం వంకరపోయింది.

మాత్రల వాసన వచ్చింది. అక్క కూతురు గుమ్మంలో నిలబడి, సగం ఖాళీ అయిన బీరువానీ, పెట్టెల్నీ, నిచ్చెన మొహాన్నీ చూసింది. చెప్పులు విప్పాలో వద్దో తెలియక విప్పేసింది.

"ఇవాళ ఎన్ని పిన్నీ?" అంది, ఏదో ఒకటి అనాలన్నట్టు.

పుప్పొడమ్మ రిజిస్టరును ఆమె వైపు తిప్పింది.

అక్క కూతురు వంగి చూసింది. తేదీ దగ్గర కళ్లు ఆగాయి. ఆ తేదీ ఆమెకు ఎవరూ చదివి చెప్పక్కర్లేదు. అక్కణ్ణించి పదిహేడు మీదికి, అక్కణ్ణించి ఇంకా మెరుస్తున్న సిరా మీదికి జరిగాయి.

నిచ్చెన ఖాళీ పెట్టె ఒకటి ఊరికే ఎత్తుకుని బయటికి నడిచాడు.

"చూడలేదు అని రాశావు."

"అవునమ్మా."

"ఆ రోజు ఇక్కడికొచ్చి కూడా?"

"ఇక్కడికొచ్చి కూడా."

అక్క కూతురు తల ఎత్తకుండానే అడిగింది.

"ఏది చూడలేదు పిన్నీ?"

పలక, అని చెప్పడానికి పుప్పొడమ్మ నోరు తెరిచింది. తలుపు వైపే చూస్తూ పోయిన అక్క గుర్తొచ్చింది. కిటికీ బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు వీధి చివరిదాకా వినబడి ఆగిపోయింది.

"రెండూ," అంది.

అక్క కూతురు కుర్చీ వెనక చెక్కను పట్టుకుని నిలబడింది. దగ్గరికి రాలేదు. ఏడవలేదు. ఫరవాలేదు అనలేదు. పుప్పొడమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని, రెండు కళ్లూ తెరిచి, ఆమెను చూస్తూ కూర్చుంది.

కాసేపటికి అక్క కూతురు ముందుకొచ్చి, పుస్తకం మూయడానికి అట్ట కింద చెయ్యి పెట్టింది. సిరా ఇంకా తడిగానే ఉంది. మూస్తే ఎదుటి పేజీకి అంటుకుంటుంది. చెయ్యి తీసేసి, ఆ ఒక్క మాట మీదికి వంగి, మెల్లగా ఊదింది. ఆరిందో లేదో వేలికొసతో తాకి చూసింది. మళ్లీ ఊదింది.